నడవ చివరి మనిషి

రోమ్ ఊరి చివర స్టూడియోలో ఆ వారం హోటల్ నడవ ఒకటి కట్టారు. కెమెరా దగ్గర నిలబడి చూస్తే దాని అవతలి కొస పక్క వీధిలో ఉన్నట్టుంటుంది. నిజానికి పొడవు రెండు కార్లంతే. లోపలికి పోయేకొద్దీ గోడలు దగ్గరవుతాయి, నేల లేస్తుంది, కప్పు దిగుతుంది, తలుపులు బొమ్మరింటి తలుపులంత అవుతాయి. రంగులు కూడా వెలిసి వెలిసి చివరికి పొగమంచులో కలిసిపోతాయి. కన్ను పిచ్చిది, ఏం చూపిస్తే అది నమ్ముతుంది.

ఆ కొసన పెద్దవాణ్ణి నిలబెడితే గుట్టు రట్టవుతుంది. అందుకని, బట్టలు కుట్టే ఎర్సీలియా కూతురు ఫియమ్మెత్తాకి ఏడేళ్లకే మీసం వచ్చింది. నల్లకోటు, జిగురు మీసం, చేతిలో పళ్లెం. దూరంగా నిలబడ్డ వెయిటర్ అన్నమాట. భర్త పోయాక ఎర్సీలియాకి లోకమంతా ఆ పిల్లే. పిల్ల కాసేపు కనబడకపోతే ఆమె చేతిలో సూది నిలవదు.

"ఇవాళ ఈ ఫోకస్ కుదిరి చావదేం?" కెమెరామన్ నజ్జరేనో సణిగాడు. "టేపుతో కొలిస్తే పది మీటర్లు లేదు. లెన్సు మాత్రం కొండల్ని తీసేటప్పుడు తిప్పినంత తిప్పితే గాని పిల్ల స్పష్టంగా రావట్లేదు."

"కళ్లద్దాలు మార్చండి పెద్దాయనా," అంది ఎర్సీలియా.

"నా కళ్లకేం? ముందు నీ నోటికి రెండు కుట్లు వేసుకో."

షాట్ అయింది. అందరూ నవ్వుకుంటూ భోజనాలకి వెళ్లిపోయారు. పెద్ద దీపాలు ఆర్పేశారు. ఒక్క బల్బు మిగిలింది. నడవ చివర బుల్లి వెయిటర్ ఇంకా అటు తిరిగే నిలబడి ఉన్నాడు.

"చాల్లేవే నటన. సూప్ చల్లారిపోతుంది, రా."

కదల్లేదు.

ఎర్సీలియా విసుక్కుంటూ లోపలికి వెళ్లింది. ముందు తల వంచింది. తర్వాత నడుం. తర్వాత మోకాళ్ల మీద పాకింది. పచ్చి రంగు వాసన గొంతుకి పట్టింది. భుజాలు రెండు గోడలకీ ఒరుసుకుంటున్నాయి. ఇంత పాకినా పిల్ల అంతే దూరంలో... అంతే చిన్నగా...

కప్పు వీపుని నొక్కింది. ఇక ముందుకి పోలేదు. వెనక్కీ రాలేదు.

"అమ్మా..." వెనక నుంచి సన్నటి గొంతు. "ఎక్కడికి పాకుతున్నావ్? నేను ఒంటేలుకి వెళ్లాను. నేను లేకుండానే తీసేశారా?"

వెనక ఉన్నది తన పిల్ల. మరి ఎదురుగా ఉన్నది?

వెయిటర్ ఇటు తిరిగాడు. నడక మొదలుపెట్టాడు. నింపాదిగా... అడుగడుగుకీ పెరుగుతూ... జానెడు... మూరెడు... నిలువెత్తు. ఆమె వీపు విరిచేస్తున్న ఆ కప్పు కిందే వాడు నిటారుగా నడిచి వస్తున్నాడు.

"పారిపో తల్లీ..." గుసగుసే వచ్చింది.

బల్బు ఆరింది.

కోటు అంచు ఆమె చెంపని రాసుకుంటూ పోయింది. అడుగుల చప్పుడు... ఆమె మీదుగా... వెనక్కి... పిల్ల ఉన్న వైపు.

"నా బిడ్డని ముట్టుకోకు... నీ కాళ్లు పట్టుకుంటాను..."

బల్బు వెలిగింది. గోడలు ఆమెని వదిలేశాయి. లేచి నిలబడింది. నిలబడగలిగింది! కప్పు చేతికి అందనంత ఎత్తున ఉంది. వెనక్కి తిరిగి పరుగు తీసింది. ఒక తలుపు, ఇంకో తలుపు, ఇంకో తలుపు... గుండె నోట్లోకి వచ్చేదాకా పరుగెత్తింది. అయినా నడవ తరగడం లేదు. అక్కడెక్కడో గోరంత కెమెరా. పక్కన పిల్ల. పిల్ల పక్కన పొడుగ్గా, నల్లగా ఒక మనిషి.

"ఫియమ్మెత్తా!"

పిల్ల ఇటు చూడనేలేదు. తలెత్తి, ఆ మనిషి చెయ్యి పట్టుకుంది. మాటలు మాత్రం చెవి పక్కనే అన్నట్టు వినబడ్డాయి.

"ఆకలేస్తోందమ్మా."

"పద బంగారం," అంది నల్లకోటు.

అచ్చం ఎర్సీలియా గొంతే.