చెవిలో దిగని విమానం

సత్యవాణి పరిగెడుతోంది.

పూరీ గేట్ రైల్వే క్రాసింగ్ దాటి, పట్టాల వెంట, పొగమంచులో!

వెనకాల నూకరాజు. చేతిలో ఇనుప రాడ్.

పోలీసు థానాకి ఇదే అడ్డదారి. ఆమె అక్కడికి చేరిందంటే తన పని అయిపోయినట్టే. సొంత వదిన. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన మనిషి. అయినా తప్పదు...

"తమ్ముడూ... బండొస్తంది..."

ఉలిక్కిపడతాడు.

అన్న గొంతు! మొన్న చచ్చిపోయిన జగ్గారావు గొంతు. దిబ్బడేసిన చెవుల్లో అదొక్కటే స్పష్టంగా వినిపిస్తోంది. మిగతా లోకమంతా దూదిలో చుట్టినట్టుంది.

ఆ రాత్రి కూడా ఇక్కడే. తమ్ముడు దొంగిలించిన రాగి తీగల సంగతి పోలీసులకి చెప్పేస్తానన్నాడు అన్న. మాటల మధ్యలో గూడ్స్ వచ్చింది. పట్టాల మీదున్న తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని లాగాడు, బండొస్తంది పక్కకి రా అంటూ.

లాగిన ఆ చేతినే పట్టుకుని, అన్నని పట్టాల మీదికి తోసేశాడు నూకరాజు.

అందరూ ప్రమాదం అనుకున్నారు. తమ్ముడు వైజాగ్‌లో ఉన్నాడు కదా! కలకత్తా వైపున్న ఈ రైల్వే పేట ఖరిదాలో తెలుగువాళ్ళకి వైజాగ్ అంటే రైల్లో ఒక రాత్రి. ఇంట్లో రైల్వే పాస్ ఉండగా విమానం ఎక్కేదెవరు? అందులో కలకత్తాకి గంటన్నరేనని ఎవరికి తడుతుంది?

జలుబుతోనే విమానం ఎక్కాడు నూకరాజు. కలకత్తాలో దిగి కారులో వచ్చాడు, చంపాడు, తిరిగి ఎగిరిపోయాడు. కబురు అందాక బుద్ధిగా రైల్లో వచ్చి అన్న శవం మీద పడి ఏడ్చాడు.

ఆ ఏడుపు మాత్రం నిజమే.

ఈ సాయంత్రం, చుట్టాలు వెళ్ళాక, టీ తాగుతావా అని వదిన ఎన్నిసార్లు అడిగిందో. అతనికి వినపడలేదు. దగ్గరికొచ్చి చూసింది. చెవి దగ్గర నోరు పెట్టింది.

"నిరుడు ఢిల్లీ నించి ఇమానంలో వచ్చినప్పుడూ నీ చెవులిలాగే దిబ్బడేసినాయి. ఎల్లుల్లి నూనె నేనే పోసినాను. రైలెక్కితే ఎప్పుడూ ఇలాగవలేదు." ఆగింది. "ఏటి చేసినావు నూకరాజూ?"

అతని చెయ్యి తలుపు వెనకున్న ఇనుప రాడ్ మీదికి వెళ్ళింది. అది చాలింది ఆమెకి. చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరిగెత్తింది.

ఇప్పుడు... పట్టాలు దాటి, అవతల ఆగిపోయింది!

ఇటే తిరిగి చేతులు ఊపుతోంది. నోరు కదులుతోంది. ఒక్క మాటా వినపడదు. బతిమాలుతోందనుకుంటాడు.

పట్టాల మధ్యకి వచ్చి రాడ్ పైకెత్తుతాడు. కాళ్ళ కింద కంకర వణుకుతోంది. తన కాళ్ళే వణుకుతున్నాయనుకుంటాడు.

"బండొస్తంది తమ్ముడూ... పక్కకి రా..."

మళ్ళీ!

"సచ్చినా వదలవేటి అన్నా..."

రాడ్ పారేసి, రెండు చేతులతో చెవులు మూసుకుని, పట్టాల వెంట పక్కకి తిరుగుతాడు.

ఎదురుగా పొగమంచు తెల్లగా వెలుగుతుంది. అందులో తన నీడ... పొడుగ్గా...

వెలుగు వెనక నుంచి వస్తోంది!

తిరిగి చూస్తాడు. ఇంత దగ్గరికొచ్చాక ఇప్పుడు వినపడుతుంది హారన్.

చెయ్యి చాస్తాడు.

పట్టుకుని లాగడానికి అన్న లేడు.