ఒక్కరికి వండడం రాని చెయ్యి

కోడలు పొద్దున్నే నాలుగు కంచాలు బల్ల మీద పెట్టింది. అత్తగారు వచ్చి, నాలుగో కంచాన్ని వేళ్లతో తడిమి, అంచున ఉన్న సొట్టని బట్టి తనదేనని తేల్చుకుని, దాన్ని తీసుకుని వెనక గదివైపు నడిచింది.

"ఎక్కడికి అత్తయ్యా? అంతా వడ్డించేస్తున్నా, కూర్చోండి."

"నాది నేను వండుకుంటానమ్మా. మీరు తినండి. వాడికి బస్సు వేళవుతోంది."

బస్సు వేళంటే ఎక్కే వేళ కాదు, నడిపే వేళ. కొడుకు పదిహేనేళ్లుగా పొద్దుటి షిఫ్టు డ్రైవరు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చి తల్లి చేతిలో కంచం చూసి నవ్వాడు. "చూశావా, అమ్మ అప్పుడే వేషం కట్టేసింది! తనిఖీకి ఇంకా తొమ్మిది రోజులున్నాయే అమ్మా!"

అత్తగారు నవ్వలేదు. వెనక గదిలోంచి నూనె చిటపటలాడిన చప్పుడు మాత్రం వినిపించింది.

అసలు సంగతేమిటంటే, అంతకు ముందు రోజు ఇంటికో నోటీసొచ్చింది. ఆవిడకి రెండు కళ్లలోనూ నడిమధ్య నల్లమచ్చ పడింది. ఎదురుగా ఉన్న మనిషి చెవులు కనిపిస్తాయి, జుట్టు కనిపిస్తుంది, ముఖం ఉండాల్సిన చోట మసి పులిమినట్టుంటుంది. అందుకే ఎవరినైనా చూడాలంటే తల కాస్త పక్కకి తిప్పి, ఓరగా చూస్తుంది. నెలకోసారి ఆసుపత్రిలో కంట్లో సూది వేస్తే ఆ మచ్చ పెరగకుండా ఆగుతుంది. ఆ సూది సర్కారు ఆరోగ్య కార్డు ఉన్నవాళ్లకే ఉచితం. ఒకే పొయ్యి మీద వండుకుతినే ఇంట్లో సంపాదించే కొడుకు ఉంటే కార్డు రద్దు, తనిఖీకి వస్తున్నాం అని నోటీసు. విడిగా ఆ సూది వేయించడం డ్రైవరు జీతానికీ, చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే కోడలి జీతానికీ, రెండూ కలిపినా అందే పని కాదు.

కొడుకు నోటీసు పట్టుకుని వార్డు నాయకుడి దగ్గరికి పరిగెత్తాడు. నాయకుడు దాన్ని పూర్తిగా చదవను కూడా చదవలేదు. "ఇంత చిన్నదానికి కంగారేంటయ్యా! వెనక గదిలో ఇంకో పొయ్యి పెట్టండి. అందరూ అదే చేస్తున్నారు" అన్నాడు. వీధి చివర మూడంతస్తుల ఇల్లున్న ఆయన కూడా అదే చేశాడట. కాగితం మీద ఆయన తల్లి మెట్ల కింద గదిలో ఒంటరిగా వండుకు తింటోంది. నిజానికి ఆ పెద్దావిడ పై అంతస్తులో కాళ్లు చాపుకుని టీవీ చూస్తుంటుంది.

ఆ సాయంత్రమే ఒంటి కరెంటు పొయ్యి ఇంటికొచ్చింది. కోడలే అత్తగారిని కూర్చోబెట్టి నేర్పింది. "వాళ్లొచ్చి అడిగితే, నేను వేరుగా వండుకుంటున్నాను అనండి. ఆ ఒక్క ముక్క చాలు."

"సరే" అంది అత్తగారు. ఆవిడ సరే అంటే అంటానని కాదు, చేస్తానని. అది కోడలికి తెలియడానికి ఆ నాలుగో కంచం కావాల్సొచ్చింది.

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. కోడలు ఫ్యాక్టరీలో కాలరు ఎడమ ముక్కకి కుడి ముక్క అతికించలేక, కుట్టిందే విప్పి మళ్లీ కుట్టి, సూపర్వైజరు చేత చీవాట్లు తిని ఇంటికొచ్చేది. వచ్చేసరికి వెనక గదిలో అత్తగారు తన గిన్నె ముందు కూర్చుని ఉండేది. ఆ గిన్నె చూస్తే నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. ఆవిడ ముప్ఫైయేళ్లు ఒక మిల్లు క్యాంటీన్లో రెండొందల మందికి వండిన మనిషి. ఆ చేతికి పిడికెడు వెయ్యడం చేతకాదు. ఎంత తగ్గించి పోసినా నలుగురికయ్యేది. మిగిలింది సాయంత్రానికి, సాయంత్రం మిగిలింది పొద్దుటికి, అలా తిన్నదే తింటోంది.

"అత్తయ్యా, ఎవరూ చూడట్లేదు. వచ్చి మాతో తినండి" అని కోడలు ఒకటికి పదిసార్లు బతిమాలింది.

"ఎవరైనా చూస్తున్నారని వండుకోవట్లేదమ్మా నేను."

ఆ మాటకి కోడలికి ఒళ్లు మండిపోయింది. తనేదో నేరం చేసినట్టు, ఆవిడ శిక్ష అనుభవిస్తున్నట్టు ఏమిటిదంతా? ఇరుగుపొరుగు చూస్తే ఏమనుకుంటారు? కోడలు అత్తగారిని వేరుపెట్టిందనేగా! "మీ అమ్మకి మీరైనా చెప్పండి" అని భర్తని సతాయించింది. "చెప్తే వినే రకమా మా అమ్మ?" అని ఆయన బూట్లు తొడుక్కున్నాడు.

తనిఖీ రోజు వచ్చింది. వచ్చినామె పాతికేళ్ల పిల్ల, చెమటలు కక్కుతూ, చేతిలో ఒక కంప్యూటరు పలక, మెడలో గుర్తింపు కార్డు. కోడలు గుమ్మం పక్కన నిలబడింది. ఆ పిల్ల వెనక గదిలోకి వెళ్లి ముందు పొయ్యికేసి చూసింది, తర్వాత గిన్నె మూత తీసింది.

"నిజంగానే వండుతున్నారే!" అంది ఆశ్చర్యంగా. "ఈ వారం ముప్ఫై పొయ్యిలు చూశానండీ. సగం వాటికి స్టిక్కర్లు కూడా పీకలేదు. ఒకాయనైతే పొయ్యికి వైరే లేదు, అయినా మా అమ్మ ఇందాకే వండిందంటాడు." పలక మీద వేలు పెట్టింది. "పెద్దమ్మా, మీరు వేరుగా వండుకుంటున్నారా?"

"అవును తల్లీ."

"ఎన్నాళ్లనుంచి?"

కోడలు కళ్లు మూసుకుంది. ఎన్నో ఏళ్లనుంచి అనమని చెప్పడం మర్చిపోయింది!

"తొమ్మిది రోజులనుంచి" అంది అత్తగారు, తల ఓరగా తిప్పి ఆ పిల్ల ముఖం వెతుక్కుంటూ.

ఆ పిల్ల ఆవిడకేసి చాలాసేపు చూసింది. తర్వాత పలక మీదకి వంగి, "ఎన్నాళ్లనుంచి అనే గడి ఇందులో లేదు పెద్దమ్మా. ఊరికే అడిగాను" అని టిక్కు పెట్టింది. వెళ్తూ వెళ్తూ కోడలితో, "ఏడాదిలో రెండుసార్లు చెప్పకుండా వస్తాం" అని, గొంతు తగ్గించి, "మా అమ్మకీ కార్డు లేదండీ. నేను సంపాదిస్తున్నానుగా" అని గబగబా మెట్లు దిగిపోయింది.

మర్నాడు సెలవు. గండం గడిచిందన్న సంతోషంతో కోడలు పొద్దుటినుంచీ వంటింట్లోనే ఉంది. మధ్యాహ్నానికి రెండు కూరలు చేసి, మూడు కంచాలు పెట్టి, నాలుగో కంచం కోసం వెనక గదికి తనే వెళ్లింది.

"రండి అత్తయ్యా! అయిపోయిందిగా ఇంక."

"అయిపోవడమేంటమ్మా? వేరు అని నిన్న ఆ పిల్లతో చెప్పాను. ఇవాళ మీ బల్ల దగ్గరికొచ్చి కూర్చుంటే నిన్న చెప్పిందేమవుతుంది?"

మీ బల్ల! కోడలికి చెంప మీద కొట్టినట్టయింది. ఆ బల్ల కొన్నప్పుడు నాలుగు కుర్చీలు చాలని చెప్పింది ఆవిడే.

"అంటే మీరు జన్మంతా ఇలాగే ఉంటారా?"

"కార్డు ఉన్నన్నాళ్లూ."

బల్ల దగ్గరున్న కొడుకు చివాలున లేచాడు. పదిహేడేళ్ల మనవరాలు కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయింది.

"ఎవరికోసమమ్మా ఈ పట్టుదల?" అన్నాడు కొడుకు, గొంతు పెద్దది చేసి. "ఆ మూడంతస్తులాయన హాయిగా నిద్రపోతున్నాడు. ఆయనకి లేని బాధ మనకెందుకు? బస్సులో రోజూ చూస్తాను నేను. టిక్కెట్టు కొన్నవాడు వేలాడుతుంటాడు, నాయకుడి మనిషి కిటికీ పక్కన కూర్చుంటాడు. దింపితే నా ఉద్యోగం పోతుంది. ఈ నియమం రాసినవాడి కంట్లో మచ్చ ఉందా? తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని తింటే నేరమని రాశాడే, వాడికి లేని నీతి మనకి కావాలా?"

"అరవకు నాన్నా, వినపడుతోంది. పాడైంది కళ్లేగా."

"నవ్వులాట కాదు! నువ్వు మాత్రం క్యాంటీన్ నుంచి సంచిలో పెట్టుకుని తెచ్చేదానివి కాదా? అది తినేగా నేను పెరిగింది!"

అనేశాక వాడికే నాలుక కరుచుకోవాలనిపించింది. అత్తగారు చేతిలో గరిటె కింద పెట్టింది.

"తెచ్చేదాన్ని. అందరూ తిన్నాక, మేనేజరుని అడిగి, మిగిలింది తెచ్చేదాన్ని. ఒక్కరోజు మాత్రం వడ్డన మొదలవకముందే తీశాను. నీకు ఏడేళ్లు. జ్వరం తగ్గి లేచావు, ఆకలని ఏడుస్తున్నావు. ఇంట్లో గింజ లేదు. ఆ రోజు వరసలో చివర మూటలు మోసే ఆయనొచ్చాడు. నేను గిన్నె అడుగు గోకాను. అయిపోయిందయ్యా అన్నాను. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. కుళాయి దగ్గరికెళ్లి, తినని కంచాన్ని శుభ్రంగా కడిగి, బోర్లించి, పనిలోకెళ్లిపోయాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినపడుతుంది."

ఆవిడ గిన్నె మీద మూత సర్దింది.

"నువ్వు బతకాలి, తీశాను. అలాంటి రోజు మళ్లీ వస్తే మళ్లీ తీస్తానేమో. కానీ అది తప్పు కాదని ఏనాడూ అనుకోలేదు. ఇప్పుడు కార్డు వద్దని నేనన్నానా? నాకు చూపు కావాలి. మనవరాలి ముఖం ఓరగానైనా కనపడాలి. వేరు పొయ్యి ఉంటే ఇస్తామన్నారు, పెట్టుకున్నాను. నావల్ల చివరివాడికి తక్కువైందన్న మాట ఈసారి ఉండకూడదు. అంతేరా. ఆ మూడంతస్తులాయన లెక్క నాకెందుకు?"

ఆవిడ చెయ్యి ఎత్తి కళ్లు తుడుచుకుంటుంటే కోడలికి కనపడింది. అరచేతి అంచున, ఒకదాని పక్కన ఒకటి మూడు ఎర్రటి వంపులు. పొయ్యి చుట్ల అచ్చు దిగినట్టున్నాయి. ఒకటి పొక్కి చితికింది.

"ఇదేంటి అత్తయ్యా?"

"ఏం లేదు. పొయ్యి వేడెక్కిందో లేదో చూశాను."

"చేత్తోనా!"

"కంటితో చూస్తే మచ్చే కనపడుతుంది మరి."

కోడలు అక్కడ నిలబడలేకపోయింది. వంటింట్లోకెళ్లి గట్టు పట్టుకుంది. కోపం వచ్చింది. ఆ నియమం మీద, చదవకుండానే సలహా పారేసిన నాయకుడి మీద, ఈవిడ మొండితనం మీద. అందరికన్నా ఎక్కువ తన మీద. కళ్లు కాపాడదామని కళ్లు కనపడని మనిషిని ఒంటరిగా నిప్పు ముందు కూర్చోబెట్టింది తనే. తొమ్మిది రోజులు పంతమనుకుంది, దెప్పిపొడుపనుకుంది. ఒక్కసారైనా ఆ చెయ్యి పట్టుకు చూసిందా? ఏడుపు పొంగుకొచ్చింది.

కాసేపటికి ముఖం కడుక్కుని, కూరల మీద మూతలు పెట్టేసి, మందు గొట్టం ఒక చేత్తో, ఖాళీ కంచం ఇంకో చేత్తో పట్టుకుని వెనక గది గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, మీ ఇంటికి భోజనానికొచ్చాను. పెడతారా?"

అత్తగారు నిజంగానే ఆలోచించింది. "ఒసేయ్ పిల్లా, ఆ కాగితం ఓసారి చదువు. చుట్టాలు రాకూడదని ఉందా అందులో?"

మనవరాలు నోటీసు తెచ్చి పైనుంచి కింద దాకా చదివింది. "పొయ్యి సంగతే ఉంది నానమ్మా. ఎవరెవరు తినాలో లేదు."

"అయితే కూర్చో. కానీ నేను మాత్రం అటు రాను, ముందే చెప్తున్నా."

"మీరు రానక్కర్లేదు, మేమే వస్తాం. ఇంకో మాట. వండేటప్పుడు నేను పక్కనుంటాను. పొయ్యీ మీదే, గరిటే మీదే, చూపు మాత్రం నాది. దీనికి కాదంటే నేనూరుకోను" అంటూ కోడలు ఆ చెయ్యి లాక్కుని మందు రాసింది. అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "చల్లగా ఉందమ్మా" అంది.

మనవరాలు తన కంచం తెచ్చుకుని నేల మీద చతికిలబడింది. కొడుకు గుమ్మం బయటే గోడకానుకుని నిలబడ్డాడు. ఆవిడ ఇద్దరికీ చెరో గరిటె వడ్డించి, తల ఓరగా తిప్పి, "వరసలో ఇంకెవరో ఉన్నట్టున్నారే" అంది.

"అయిపోయిందేమో అమ్మా" అన్నాడు వాడు.

"అవ్వలేదు. ఒక్కరికి వండడం ఈ చేతికి ఎప్పుడొచ్చింది గనక! రా."

అందరికీ వేసినంతే వాడికీ వేసింది. ఒక గరిటె ఎక్కువా లేదు, తక్కువా లేదు. వాడు తలొంచుకుని తింటూనే, "రేపు డ్యూటీ దిగగానే ఆ నాయకుడి దగ్గరికెళ్తాను. ఇళ్లల్లో పొయ్యిలు కాదు, జబ్బులు లెక్కపెట్టమంటాను. ఆ తనిఖీ పిల్ల తల్లి సంగతి కూడా చెప్తాను" అని గొణిగాడు.

"వింటాడంటావా?" అంది కోడలు.

"వినడు. అయినా వెళ్తాను."

"వెళ్లు. ముందు మెతుకులు వదలకుండా తిను" అంది తల్లి.

వాడు తిని లేచి, కంచం పెళ్లాం చేతికివ్వకుండా తనే పంపు దగ్గరికి తీసుకెళ్లాడు. శుభ్రంగా కడిగి, గట్టు మీద బోర్లించాడు. ఆ చప్పుడుకి ఆవిడ ఉలిక్కిపడి తల తిప్పింది. నడిమధ్య మచ్చ, చుట్టూ మసక వెలుగు. ఏమీ తెలియలేదు.

"తిన్న కంచమేనా నాన్నా అది?"

వాడు తడి చేతులతోనే వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"తిన్న కంచమేనమ్మా."