ఎర్రబల్బు గదిలో డేగ

"ఆమె మీ అక్క. అయినా చేస్తావా?" అన్నాడు బాస్.

"చేస్తాను సర్," అన్నాడు డేగ.

ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది! ఆలోచించలేదు మహానుభావుడు. డ్యూటీ ముందు రక్తసంబంధం ఏపాటిదన్నట్టు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఆ ఛాతీని తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు తల దించుకున్నాడో అతనికే తెలుసు.

డేగ అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఇంట్లోవాళ్ళు మాత్రం అతన్ని ఇన్సూరెన్స్ ఏజెంట్ అనుకుంటారు. ఏజెంట్ వరకూ నిజమే కదా అని తనను తాను సమర్థించుకుంటూ ఉంటాడు.

బాస్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. డేగ అక్క ఒక రీసెర్చ్ ల్యాబ్‌లో సైంటిస్టు. ఏడాదికి ఒక్కసారే కాసే ఒక అడవిపండు తొక్కలోంచి యాంటీఆక్సిడెంట్లు తీస్తోంది. పొగ తగిలిన ఊపిరితిత్తుల కణాలను ఆ సారం కాపాడుతోందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. మనుషుల్లో పనిచేస్తుందో లేదో ఇక చూడాలి. అందుకని కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళతో ట్రయల్ మొదలుపెట్టబోతున్నారు. ఈ బ్యాచ్ పోయిందా, ట్రయల్ లేదు, ల్యాబూ ఉండదు. ఇదే పండు మీద పనిచేస్తూ వెనకబడ్డ విదేశీ ముఠా ఒకటి దాన్ని కాజేయాలని చూస్తోంది.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మనం పట్టాలి. మీ అక్కే దాన్ని వాళ్ళకు అమ్మబోతోందని అనుమానం," అన్నాడు బాస్. "మీ అక్క చీకట్లో పనిచేస్తుంది. సీసాలకు రేకు చుట్టి దాస్తుంది. వాటి మీద పేర్లుండవు, నంబర్లే. ఈ సమాచారం తెచ్చింది నెమలి."

నెమలి బాస్ పక్కనే కూర్చుని నవ్వింది. డిపార్ట్‌మెంట్‌లో ఆమెను మించిన అందగత్తె లేదు, ఆమె నవ్వితే డేగకు సొంత కోడ్‌నేమ్ కూడా గుర్తుండదు. స్మోక్ డిటెక్టర్‌లా కనిపించే గుండ్రటి డబ్బా ఒకటి అతని చేతిలో పెట్టింది. లోపల సీక్రెట్ కెమెరా ఉందట. సాయంత్రం టైమర్‌తో దానంతటదే ఆన్ అవుతుందట. ట్రేల మీదికి తిప్పి అంటించమంది. పని పూర్తయ్యాక చెప్పాల్సిన కోడ్‌వర్డ్: పంట కోతకొచ్చింది.

మర్నాడు డేగ కోల్డ్‌రూమ్ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో దిగాడు. గుబురు మీసం, బుగ్గల్లో దూది, గ్రీజు మరకల చొక్కా. అక్క అతన్ని ఎగాదిగా చూసి, పని కానివ్వమని వెళ్ళిపోయింది. తన వేషానికి తనే మురిసిపోయాడు. కంప్రెసర్‌ను కాసేపు కదిపి, ఎవరూ లేకుండా చూసి ఆమె బీరువా వెతికాడు. రేకు చుట్టిన సీసాలు, నంబర్లు, నల్లగుడ్డలు. దొరికిపోయావక్కా అనుకున్నాడు. అనుకుని సంతోషించాడు కూడా, అదీ సంగతి!

ఎర్రబల్బు వెలిగే పక్కగదిలో గాజు ట్రేల నిండా ఊదారంగు సారం ఆరుతోంది. దాని పైన డబ్బా అంటించాడు. సాయంత్రం అవుతుండగా ట్రేలను దగ్గరగా చూద్దామని టార్చి తీశాడు. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. అక్క.

"లైటు వెయ్యకు. పాడైపోతుంది."

"చీకట్లో ఏం దాస్తున్నారమ్మా?" అన్నాడు గొంతు మార్చి.

ఆమె కోప్పడలేదు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. ఈ పదార్థం ముందు తాను ఆక్సీకరణకు గురై మన కణాలను కాపాడుతుంది. అందుకే వెలుతురు తగిలితే సీసాలోనే ఖర్చయిపోతుంది. అతినీలలోహిత కాంతి కాసేపు పడితే ఇక చెప్పక్కర్లేదు. రేకు చుట్టేది, ఈ గదిలో ఎర్రబల్బు తప్ప వేరే లైటు పెట్టనిదీ అందుకే.

"మరి పేర్లు రాయరెందుకు?"

"ఏది అసలు మందో, ఏది ఉత్తదో ట్రయల్ అయ్యేదాకా మాకూ తెలియకూడదు. తెలిస్తే మన ఆశ మన చేత అబద్ధం చెప్పిస్తుంది. ఆ కొలిమి పనివాళ్ళకు అబద్ధం చెప్పలేను."

డేగ టార్చి జేబులో పెట్టేశాడు. తను నేరమనుకున్న ప్రతిదీ ఆమె పని పద్ధతి. అంతలో ఇంకో ఆలోచన వచ్చింది. ఈ చీకట్లో కెమెరాకు ఏం కనిపిస్తుంది? నెమలి దాన్ని ట్రేల మీదికే ఎందుకు తిప్పమంది?

ఒక్క గెంతులో స్టూలెక్కి డబ్బా పీకాడు. గేటు బయట వ్యాన్‌లో ఉన్న నెమలి దగ్గరికి పరుగెత్తాడు.

"పంట కోతకొచ్చిందా?" అంది.

"ఆన్ అయ్యే టైమైంది. ఇటు చూసి నవ్వు, రికార్డవుతుంది," అని డబ్బాను ఆమె మొహానికి ఎదురుగా పట్టాడు.

ఆమె నవ్వలేదు. రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. మరుక్షణం డబ్బాలోంచి ఊదారంగు వెలుగు భగ్గుమంది. అది కెమెరా కాదు, అతినీలలోహిత దీపం. నెమలి ముఠా మనిషే. ముఠాకు సారం అక్కర్లేదు, అది లేకుండా పోతే చాలు. ఆ పని సొంత తమ్ముడి చేత చేయించి, నేరం అక్క మీదికి నెట్టాలని పథకం. డేగ ఆమె చేతులకు బేడీలు వేశాడు. బాస్ ఫోన్‌లో శభాష్ అన్నాడు. ఆ మాట అతనికి చెంపదెబ్బలా తగిలింది.

తిరిగి లోపలికి వెళ్ళి బుగ్గల్లో దూది తీసేశాడు.

"అక్కా, నిన్ను దొంగవనుకున్నాను."

"తెలుసు. కంప్రెసర్ బాగుచేసేవాడు బీరువా వెతుకుతాడా? అసలు గుమ్మంలోనే గుర్తుపట్టాను."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వు ఇన్సూరెన్స్ ఏజెంటువి కావని ఎప్పుడో పసిగట్టాను. నలుగురిలో తమ్ముడూ అని పిలిస్తే నీ ఉద్యోగం పోతుందేమోనని."

ఆమె ఉద్యోగం పోగొట్టడానికి అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు.

"ఆదివారం భోజనానికి రా. ఆ మీసం తీసేసి రా, మీ బావ జడుసుకుంటారు," అంది అక్క.

అక్కడే పీకేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీసం పీకితే మంటపుట్టిందన్నాడు. మారువేషాన్నే నమ్మని మనిషి, ఈ మాటేం నమ్ముతుంది!