ఖాళీ లైనులో వెలుగు

గుమాస్తా తలుపు తీసేసరికి ఎదురుగా ఒకామె గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మెడలో పరిశోధన కేంద్రం గుర్తింపు కార్డు వేలాడుతోంది. కంటిమీద కునుకు లేక ఎన్నాళ్ళయిందో మొహమే చెబుతోంది.

"రేపు పదకొండింటికల్లా నన్ను పోలీసులకి అప్పగిస్తారండీ. ఏదో ఒకటి చెయ్యండి," అంటూ కుర్చీలో కూలబడింది.

టీచరమ్మ ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పి, ఇప్పుడు నేరాలు తేలుస్తున్న మనిషి. గుమాస్తా ఆవిడ దగ్గరే లెక్కల్లో మూడుసార్లు తప్పాడు. అయినా పిలిచి ఉద్యోగమిచ్చింది కాబట్టి ఆవిడ తుమ్మినా అతనికి అద్భుతమే.

"ముందు మంచినీళ్ళు తాగమ్మా. తర్వాత మొదటినుంచీ చెప్పు. మా గుమాస్తాకి అర్థమైతే ఎవరికైనా అర్థమైనట్టే."

ఆమె ఇంజనీరు. రెండు పరిశోధన కేంద్రాల మధ్య భూమిలో గాజుతీగల కట్ట ఉంది. అందులో ఒక తీగని క్వాంటమ్ ఇంటర్నెట్ ప్రయోగానికి తీసుకున్నారు. మామూలు తీగల్లో వెలుగు ధారలా పోతుంది. ఇందులో ఒక్కొక్క కాంతికణమే విడివిడిగా పోతుంది. దారిలో ఎవరు వేలు పెట్టినా ఆ సంగతి ఇట్టే బయటపడుతుంది.

"మొదలెట్టి రెండు వారాలైంది. రోజూ పొద్దున్న లైనులోకి వెలుగు కుమ్మరించినట్టు వచ్చిపడుతుంది. అవతల కణాల్ని లెక్కపెట్టే పెట్టె ఆగిపోతుంది. దాన్ని మళ్ళీ చల్లబరిచి లేపేసరికి సాయంత్రం. రేపు పదకొండింటికి నిపుణుల సంఘం వస్తోంది. లింకు నిలబడకపోతే ప్రయోగం మూసేసి నన్ను పోలీసులకి అప్పగిస్తారు. ఆరేళ్ళు పెట్టానండీ దాని మీద!"

"ఆ తీగ ఏదో ఎవరెవరికి తెలుసు?"

"నాకూ, డైరెక్టరు గారికీ. అంతే. అందుకే పాడు చేస్తున్నది నేనేనంటున్నారాయన."

"రోజూ ఒకే వేళకా?"

"పదిన్నరకి. మూడు రోజుల నుంచీ పదీ యాభైకి."

"జరగని రోజులున్నాయా?"

"ఆదివారాలు. ఇంకా పోయిన గురువారం."

టీచరమ్మ వెంటనే లేచి చెప్పులు వేసుకుంది.

కేంద్రంలో లైన్ల హాలు చలితో, ఫ్యాన్ల హోరుతో నిండి ఉంది. గోడకి లైన్ల జాబితా. దాని ముందు ఒక లైన్‌మన్ పనిముట్ల సంచీ సర్దుకుంటున్నాడు. అందరికీ ఆయన బాబాయే. ఇంకో అయిదు నెలల్లో పదవీ విరమణ.

"ఈ పిల్ల దొంగా? తీగ అతకడం దీనికి నేర్పింది నేనేనండీ!" అని ఆయన మండిపడ్డాడు. "గురువారం కంటి డాక్టరు దగ్గరికెళ్ళాను గానీ, లేకపోతే హాలు వదిలి కదలను. నా కళ్ళు కప్పి ఎవరు చేస్తారు?"

"మీ పనేమిటి బాబాయ్ గారూ?"

"పదింటికి మొదలెట్టి జాబితా పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తాను. నెలకోసారి చాలంటారు, నాకు మనసొప్పదు, రోజూ చూస్తాను. మొన్న పైన నాలుగు కొత్త లైన్లు చేర్చారు, పని పెరిగింది."

"ఈ జాబితాలో ఎవరు రాస్తారు?"

"ఎవరి లైను సంగతి వాళ్ళే రాసుకుంటారు. అది చూసి నేను పని చేస్తాను."

బయటికొస్తుంటే డైరెక్టరు ఎదురుపడి మొహం చిట్లించుకుని వెళ్ళిపోయాడు. గుమాస్తా ఆగలేకపోయాడు. "డైరెక్టరేనండీ. మొహం చూస్తేనే తెలుస్తోంది."

"మొహాలు చూసి మార్కులు వేస్తే నువ్వు ఫస్టు క్లాసులో పాసయ్యేవాడివి," అంది టీచరమ్మ. కానీ నవ్వలేదు. గుమాస్తాకి ఎందుకో దిగులేసింది.

మర్నాడు పదింటికి ఆవిడ ఇంజనీరమ్మనీ, డైరెక్టరునీ, బాబాయ్‌నీ హాల్లో కుర్చీల్లో కూర్చోబెట్టింది. ఎవరినీ లేవనివ్వలేదు. ఇంజనీరమ్మ గడియారం చూడలేక చేతుల్లో మొహం దాచుకుంది. పదిన్నర దాటింది. పదీ యాభై దాటింది. తెర మీద కణాల లెక్క చెక్కుచెదరలేదు.

"దొంగని కూర్చోబెట్టారు కదా, ఇంకెలా జరుగుతుంది?" అన్నాడు డైరెక్టరు.

"లైను తెలిసినవాళ్ళే చేసుంటారని మీరు పట్టుబట్టారు. చేసింది తెలియని మనిషి. ఒక్కొక్క కణంగా పోయే వెలుగు మామూలు మీటరుకి అందదు. తీగ చచ్చినట్టే కనిపిస్తుంది. జాబితాలోనేమో అది ఖాళీ లైను. ఖాళీ లైను తెగిందో బాగుందో తెలియాలంటే వెలుగు కొట్టి చూడాలి. పైన నాలుగు లైన్లు చేరాయి. లైనుకి అయిదు నిమిషాలు, మొత్తం ఇరవై నిమిషాల ఆలస్యం. ఆదివారం సెలవు. గురువారం కంటి డాక్టరు."

బాబాయ్ లేచి నిలబడ్డాడు. "నేనా? మీటరులో ఏమీ రాకపోతే తెగిందేమోనని రెండేసి సార్లు కొట్టాను కదండీ..."

"తేలిపోయింది," అన్నాడు డైరెక్టరు. "నిర్వహణ సిబ్బంది తప్పని సంఘానికి రాస్తాను. తాళాలిచ్చేసి వెళ్ళండి."

బాబాయ్ నడుముకున్న తాళాలు విప్పి డైరెక్టరుకి ఇచ్చాడు. టీచరమ్మ ఇంజనీరమ్మ వైపే చూస్తూ నిలబడింది. క్లాసులో జవాబు తెలిసిన పిల్ల తనంతట తాను లేస్తుందేమోనని ఆవిడ ఇలాగే ఆగేది. గుమాస్తాకి అప్పుడు తట్టింది. జాబితాలో ఎవరి లైను వాళ్ళే రాస్తారు.

"ఖాళీ అని రాసింది నేను బాబాయ్," అంది ఇంజనీరమ్మ. "ప్రయోగం లైనని రాయాలి. రాస్తే ఎవరైనా పసిగడతారని భయపడ్డాను. నువ్వు రోజూ చూస్తావని తెలియదు. నీకు చెప్పలేదు. నిన్ను కూడా నమ్మలేదు."

"నన్ను కూడానా?" అన్నాడాయన. "ఒక్క మాట చెప్పుంటే ఆ లైను జోలికి ఈగని కూడా వాలనిచ్చేవాణ్ణి కాదే తల్లీ."

డైరెక్టరు తాళాలు ఆయన చేతిలో తిరిగి పెట్టి, ఆమె గుర్తింపు కార్డు కోసం చెయ్యి చాచాడు. ఆమె మెడలో కార్డు తీసి ఇచ్చి బయటికి నడిచింది.

పదకొండింటికి సంఘం వచ్చింది. లింకు నిలబడింది. లోపల చప్పట్లు వినిపించాయి. ఇంజనీరమ్మ బయట మెట్ల మీద కూర్చుని గుక్కపట్టి ఏడుస్తోంది. గుమాస్తా ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి బాబాయ్ వచ్చాడు.

"లే. లోపలికి పో. ఆ ప్రయోగమేమిటో వాళ్ళకి నువ్వే కదా చెప్పాలి?"

"నన్ను తీసేశారు బాబాయ్."

ఆయన ఆమె మొహంలోకి చూడకుండానే పక్కన కూర్చున్నాడు.