లాల్టూకి సుగరు తగ్గిపోయింది

"మా పిల్లికి మీరేటి పెడతన్నారండీ?"

ఎదురింటి తలుపు తెరుచుకోగానే రమాకుమారి అడిగిన మొదటి మాట అదే. ఊరవతలి లిలువా నుంచి కొత్తగా అద్దెకి దిగిన ఆ ఓడరేవు ఉద్యోగి ఢిల్లీశ్వరరావుతో అంతవరకూ ఒక్క పలకరింపు కూడా లేదు. లుంగీలో ఉన్నాడు. చేతిలో చేపముక్క. కాళ్ల దగ్గర లాల్టూ మీసాలు నాక్కుంటూ కూర్చుంది.

"చేప" అన్నాడతను.

"అది కనబడతంది! దానికి సుగరండీ. మొన్ననే తేలింది. పొద్దున్నోటి, సాయంత్రమోటి ఇంజక్షన్. నాను లెక్కగా సూది పొడస్తంటే మీరు వేళాపాళా లేకుండా మేపుతారేటి?"

"పిల్లికి సుగరా?" అని పకపకా నవ్వేశాడు ఢిల్లీశ్వరరావు.

ఆ నవ్వే కొంప ముంచింది. టీకొట్టు బెంగాలీ దాదా నుంచి భవానీపూర్‌లో రమాకుమారి పనిచేసే చీరల షాపు సేట్ దాకా అందరూ నవ్విన నవ్వే అది. రమాకుమారికి ఒళ్లు మండిపోయింది.

"ఇంకోపాలి దీనికి మెతుకు పెట్టినారంటే బాగోదు, చెప్తన్నాను!"

లాల్టూని చంకనేసుకుని విసవిసా వచ్చేసింది. వెధవకి కళ్లు మాత్రం బాగున్నాయి అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే చిర్రెత్తుకొచ్చింది.

ఇంట్లో ఇంకో తలనొప్పి. మామ్మ అప్పలకొండమ్మకి ఏళ్ల తరబడి సుగరు. పిల్లికీ అదే జబ్బని తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడకి దానిమీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. తను తాగే రాగిజావ దానికీ పోసింది. ఉడికించిన కాకరకాయ పెట్టింది. మెంతులు నానేసిన నీళ్లు కూడా పట్టబోయింది.

"మామ్మా, అది పిల్లే! చేపా మాంసమూ పెట్టమన్నాడు డాక్టర్ బాబు."

"ఆడికేటి తెలుసు? నానీ తిండి తిని బతకనేదేటి? మడిసి సుగరు వేరు, పిల్లి సుగరు వేరా?"

"నీకు దండం పెడతాను, చేప పెట్టు!"

"అలగేలే" అంది మామ్మ. అని మళ్లీ రాగిజావే పోసింది.

ఒక సాయంత్రం జోరున వాన. బస్సులో నలిగి, నిలువునా తడిసి ఇల్లు చేరింది రమాకుమారి. గుమ్మంలో లాల్టూ గిన్నె ఖాళీగా ఉంది. తిన్నదనుకుంది. లాల్టూ మూతి పెట్టని రాగిజావని కాకులు తాగేశాయని ఆవిడకెవరు చెబుతారు! తల తుడుచుకుని, లాల్టూ మెడ వెనక తోలు పట్టుకుని, సూది వేసేసింది.

కాసేపటికి లాల్టూ తూలింది. రెండడుగులు వేసి పక్కకి ఒరిగిపోయింది. పిలిస్తే పలకలేదు, కళ్లు తేలేసింది.

రమాకుమారి ఏడుస్తూ డాక్టరుకి ఫోన్ చేసింది. ఏమీ తినకుండా ఇంజక్షన్ పడినట్టుంది, ఒంట్లో చక్కెర మరీ పడిపోయింది, వెంటనే చిగుళ్లకి పంచదార పాకం రాసి తీసుకురమ్మన్నాడాయన.

"ఓలమ్మా! సుగరొచ్చిందని అన్నీ మానిపించి, ఇప్పుడు సుగరే పెట్టమంతాడేటి!" అని మామ్మ నెత్తి కొట్టుకుంది.

ఆ ఇంట్లో పంచదార ఎక్కడిది? డబ్బా కనిపిస్తే మామ్మ ఆగదని రమాకుమారే ఇంట్లో పలుకు లేకుండా చేసింది. ఇంక సిగ్గూ లేదు, కోపమూ లేదు. వెళ్లి ఎదురింటి తలుపు దబదబా బాదింది.

"పంచదార! బేగి!"

ఎందుకని అతను అడగలేదు. పంచదార నీళ్లలో కలిపి, వేలితో లాల్టూ చిగుళ్లకి రాస్తూనే మెట్లు దిగి టాక్సీ ఆపాడు. వాన అద్దాల మీద దంచుతోంది. రమాకుమారి పిల్లిని ఒళ్లో పొదివి పట్టుకుంది.

"మీ దగ్గర కూడా ఏటీ తిననేదా ఇది?"

"మీరు పెట్టొద్దన్నారు కదండీ. రోజూ వచ్చి తలుపు గీరింది. చెవులు మూసుకుని కూకున్నాను."

"నాను వద్దంటే మానేస్తారా? ఇంత మాట వినే మనిషిని ఎక్కడా చూడలేదు బాబూ!"

"విననందుకూ మీరే తిడతారు, విన్నందుకూ మీరే తిడతారు" అన్నాడతను దిగాలుగా.

లాల్టూ బతికింది. డాక్టరు ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టాడు. కడుపు నిండా తిన్నదని ఎవరో ఒకరు కళ్లారా చూడాలి, చూడకుండా సూది ముట్టుకోవద్దన్నాడు.

"నాను చూస్తాను" అన్నాడు ఢిల్లీ.

ఆ రోజు మొదలు రెండు పూటలా ఉడికించిన చేప పట్టుకుని గుమ్మంలో దిగేవాడు. అతను తినిపిస్తే ఆవిడ సూది వేసేది.

"గట్టిగా పట్టుకోండి."

"పట్టుకున్నాను."

"పిల్లిని! నా చెయ్యి కాదు. ధ్యాత్!"

మీరు కాస్తా నువ్వయింది. వానలు వెనకబట్టాయి. ఇతను మాత్రం చేప గురించీ, చేపలో ముల్లు గురించీ తప్ప నోరు విప్పడు. ఈ మనిషికి నోరు తినడానికేనా అని రమాకుమారి పళ్లు నూరుకునేది.

అంతలో డాక్టరు రక్తం పరీక్ష చూసి మొహమంతా నవ్వాడు. తొందరగా కనిపెట్టి, సరైన తిండి పెడితే కొన్ని పిల్లులకి ఇలా నయమవుతుందట. ఇంక ఇంజక్షన్ అక్కర్లేదు, చేపా మాంసమే పెడుతూ, అప్పుడప్పుడూ తెచ్చి చూపిస్తే చాలన్నాడు.

అంత మంచి మాట విని ఇద్దరూ శవాన్ని సాగనంపి వస్తున్నవాళ్లలా ఇల్లు చేరారు.

"మంచిదే కదా" అన్నాడు ఢిల్లీ మెట్ల దగ్గర.

"మంచిదే."

"అయితే ఇంక నాను రానక్కర్నేదు."

చెప్పు, ఏదో ఒకటి చెప్పి చావు అని మనసులో మొత్తుకుంది. అతను చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు.

"అక్కర్నేదు!" అని తలుపు ధడాలున వేసింది.

"పిల్లికి నయమయితే ఏడస్తావేటే?" అంది మామ్మ.

"నాకేడుపొస్తంది, ఏడస్తన్నాను. నీకేటి?"

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడయింది. చూస్తే ఢిల్లీ. చేతిలో చేప కూడా లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంజక్షన్ లేదు కదా, ఎందుకొచ్చినావు?"

"నువ్వొకపాలి వద్దన్నావని మానేస్తే లాల్టూ ప్రాణం మీదికొచ్చింది. ఈపాలి నా ప్రాణం మీదికొచ్చింది రమా. నువ్వు వద్దన్నా నాను మానను. రోజూ వస్తాను. నీకోసమే వస్తాను. నువ్వంటే నాకిష్టం."

రమాకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నోట్లోంచి మాత్రం తిట్టే వచ్చింది.

"నిన్న చెప్పడానికేటి రోగం? రాత్రంతా ఏడిపించినావు!"

"నువ్వు తలుపేసేసినావు కదా."

"తలుపేస్తే కొట్టాలి! అదీ నానే చెప్పాలా?"

"రాత్రి కొడదామనే వచ్చినాను. నీ ఏడుపు వినబడి భయమేసింది."

"ఓరి నీ భయం కాల!"

లోపల్నుంచి మామ్మ రుసరుసలాడుతూ వచ్చింది. ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఫోను ఢిల్లీ చేతిలో పెట్టింది.

"లిలువాలో మీ అమ్మ నెంబరు కొట్టరా బాబూ, నాను మాటాడతాను. మీకు మీరు తేల్చుకునేలోపు నాను పోతాను."

రమాకుమారి సిగ్గుతో గోడకి తిరిగిపోయింది. ఢిల్లీ ఈసారి ఎవరూ తిట్టకముందే నెంబరు నొక్కాడు.