దర్వాజకు పోసిన సాక

తొర్రూరులోని ఆ పాలిష్ షెడ్డులో పొద్దంతా ఒకటే వాసన. మిథనాల్ వాసన. లక్క పెచ్చుల్ని అది ఇట్టే కరిగిస్తుంది. చేతి మీద పడితే చల్లగా తాకి క్షణంలో ఆరిపోతుంది. రంగుల్లో, జిగురుల్లో, మందుల తయారీలో వాడతారని అక్కడి కూలీల లీడరు రాజేందర్ చదివాడు. కడుపులోకి పోతే ముందు కళ్ళను తినేస్తుందనీ చదివాడు.

అంత చదివినవాడే ఆ పని చేశాడు. పెద్ద క్యాను మోయడానికి బద్ధకించి, ఖాళీ క్వార్టర్ మందు సీసాలో ఆ మిథనాల్ స్పిరిట్ నింపి, కొత్త దర్వాజ పక్కన పెట్టాడు. పని ముగిసిన దర్వాజకు మందుతో సాక పోసి మొక్కడం ముత్తయ్య మేస్త్రీ ఆనవాయితీ. షెడ్డు యజమాని సేటు మందు తెప్పించాడనుకుని నేల మీద నాలుగు చుక్కలు పోశాడు. మిగిలింది తాగేశాడు. తెల్లారేసరికి చూపు పోయింది. మూడోనాడు దవాఖానలో ప్రాణం పోయింది.

"శ్రమజీవుల నెత్తురు ఊరికే పోదు!" షెడ్డు ముందు జెండా పట్టి గొంతు చించుకున్నది రాజేందరే. పోలీసులు సేటును పట్టుకుపోయారు. సేటు కూలీలను ఏనాడూ మనుషుల్లా చూసినవాడు కాదు. కానీ ఈ పాపం అతనిది కాదు.

పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం నిజం చెప్పేద్దామని రాజేందర్ పెద్దవంగరలో ముత్తయ్య ఇంటికి వెళ్ళాడు.

"వచ్చినవా లీడరూ! జిందాబాద్ అంటవా, బువ్వ తింటవా?" అంటూ ముత్తయ్య భార్య లచ్చవ్వ వంటింట్లోకి నడిచింది.

"అవ్వా... నీకో మాట చెప్పాలె."

"రేపు ఠాణాల సేటే సంపిండని చెప్పుమంటివి గదా. చెప్త బిడ్డా. నీ మాటంటే నాకు దేవుని మాట."



అప్పుడు వచ్చింది... ఆ వాసన.

ఇంట్లో క్యాను లేదు. కట్టె లేదు. గుమ్మం పక్క సున్నం గోడ మీద తడి చెయ్యి అచ్చు. దాని పక్కన ఇంకొకటి. ఎవరో గోడ తడుముకుంటూ వస్తున్నారు. ముందరిది ఆరకముందే మరొకటి... దగ్గరగా... ఇంకా దగ్గరగా. మెడ మీద నాలుగు వేళ్ళు. మంచులా. చెవి పక్కనే ముత్తయ్య గొంతు.

"సీస... ఎవలు పెట్టిన్రు బిడ్డా?"

చెప్పాలి. ఒక్క మాట. "నేనే" అంటే చాలు.

"సేటే..." అన్నాడు.

వేళ్ళు మెడను వదిలాయి.

లచ్చవ్వ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో పళ్ళెం లేదు. రాజేందర్ మొహం వైపు చూడనేలేదు. అతని పక్కనున్న ఖాళీలోకి చెయ్యి చాపి, దేన్నో పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచింది.

"ఇన్నవు గదా..." అంది మెల్లగా. "రా, సేటు కాడికి పోదాం. గడప తాకుతది... పైలం."