నూట పదమూడు వాక్యాలు

శుక్రవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే సౌండ్ కార్డు, మూడోది, ఆగిపోయింది. అప్పటికి తండ్రి పందొమ్మిదో వాక్యం మధ్యలో ఉన్నాడు. "గోడ మీది గడియారం పది నిమిషాలు వెనక" అనేదాకా తెర మీద పచ్చగీత ఎగిరింది. "నడుస్తోంది" అనేసరికి పడుకుంది.

కూతురు తీగ పీకి మళ్ళీ పెట్టింది. కంప్యూటర్ కార్డును గుర్తుపట్టింది, పేరు కూడా చూపించింది. శబ్దం మాత్రం తీసుకోలేదు. తండ్రి మైకు ముందు నోరు తెరిచి, ఆమె చెయ్యి ఊపితే మూసుకున్నాడు. పలక అందుకుని "మళ్ళీనా?" అని రాశాడు.

ఇంకో పావుగంటకు రికార్డు చేసే ప్రోగ్రాం ఆ పూట చదివిన పద్దెనిమిది వాక్యాలనూ తిప్పికొట్టింది. ప్రతిదానిలోనూ ఎక్కడో ఒకచోట మాట తెగిందని కారణం చూపించింది.

సోమవారం ఉదయం ఆయన స్వరపేటిక తీసేస్తారు. గడ్డ దాన్ని దాటి పోకముందే తియ్యాలన్నారు డాక్టర్లు. ఆ తరవాత మాట రాదు. ఆస్పత్రిలో మాట నేర్పే విభాగం వాళ్ళు ఒక దారి చెప్పారు. ముందే ఒక ప్రోగ్రాం ఇచ్చే వాక్యాలు చదివి రికార్డు చేస్తే, వాటి నుంచి యంత్రం ఆయన గొంతును తయారుచేస్తుంది. ఆపైన ఆయన ఏది టైపు చేసినా ఆ గొంతుతో పలుకుతుంది. మూడు వందల వాక్యాలుంటే మంచిది. నూట యాభైకి ఒక్కటి తగ్గినా కుదరదు. ఆ ప్రోగ్రాం రాసింది ఒక విశ్వవిద్యాలయం. అది అందరూ వాడే విండోస్ మీద నడవదు, లైనక్స్ అనే వ్యవస్థ ఉన్న కంప్యూటర్ మీదే నడుస్తుంది, వేరేచోట రికార్డు చేసి తెచ్చిన ఫైళ్ళు తీసుకోదు.

కూతురు బీమా కంపెనీలో సర్వర్లు చూసుకుంటుంది. పదిహేనేళ్ళుగా లైనక్సే ఆమెకు తిండి పెడుతోంది. ఆ రోజు ఆస్పత్రి గదిలో తల్లి గోడకేసి చూస్తూ కూర్చుంటే, "ఇది నాకొదిలెయ్యండి" అని ఆమే అంది.

సర్వర్లకు చెవులుండవు. శబ్దం సంగతి ఆమెకు ఇంటికొచ్చాక తెలిసింది. కంప్యూటర్‌లో ఉన్న సొంత కార్డు తండ్రి గొంతు కింద సన్నగా బుసకొట్టింది. బయట కొన్న మొదటి కార్డును లైనక్స్ చూడనే లేదు. రెండోదాని గురించి ఇంటర్నెట్‌లో నలభైమంది బాగా పనిచేస్తోందని రాశారు. వాళ్ళు రాసింది నిజమే. డబ్బా మీద పేరు మార్చకుండా లోపలి చిప్పును కంపెనీ మార్చేసింది. మూడోది వారం రోజులు సగంసగం పనిచేసి శుక్రవారం పడుకుంది. కొట్లలో అడిగితే ఒకతను లైనక్స్ ఏ కంపెనీదండీ అన్నాడు. ఇంకొకతను సౌండ్ కార్డు సంగతి తరవాత, ముందు కంప్యూటర్‌ను మంచి దారిలో పెట్టుకోమని సలహా ఇచ్చాడు.

ఈలోగా గొంతు అరిగిపోతోంది. రోజుకు అరగంటకు మించి మాట్లాడితే లోపల వాస్తుందని, ఊపిరికి అడ్డం పడుతుందని డాక్టరు చెప్పాడు. అందుకని మొదటిరోజే కూతురు ఇంట్లో ఒక కట్టడి పెట్టింది. నాన్న మాట్లాడేది మైకు ముందే. మిగతా అన్నిటికీ పలక.

ముప్ఫై ఏళ్ళు డ్రైవింగ్ స్కూల్లో పక్కసీట్లో కూర్చుని ఊళ్ళో సగంమందికి నోటితోనే బండి నేర్పిన మనిషి ఆయన. ఎదురు చెప్పలేదు. పలక మీద "సరే మేడమ్" అని రాశాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఆఫీసు కిటికీ పక్కన నిలబడి లెక్క వేసుకుంది. ప్రోగ్రాం ఒప్పుకున్నవి ముప్ఫై ఏడు. కావలసినవి ఇంకా నూట పదమూడు. అరగంటలో అరవై చదవగలడు. శనివారం అరవై, ఆదివారం అరవై. ఏడు మాత్రం మిగులు. శనివారం పొద్దున్నే కార్డు దొరక్కపోతే ఆ ఏడూ లేవు.

శనివారం తొమ్మిదింటికి ఆమె పాత వాయిద్యాలు బాగుచేసే కొట్టుకు వెళ్ళింది. కొట్టాయనకు డెబ్బై దాటి ఉంటాయి. అడిగింది విని, బల్లకింద నుంచి అట్టపెట్టె లాగాడు. అందులో ఏడు కార్డులున్నాయి. ఒక్కొక్కటి ఆమె ల్యాప్‌టాప్‌కు తగిలించుకుని చూసుకోమన్నాడు. మొదటి అయిదూ పనిచెయ్యలేదు. ఆరోది ఇనుప డబ్బాలో ఉంది, ఒక మూల సొట్ట. ఆమె తీగ పెట్టగానే లైనక్స్ ఏమీ అడగలేదు. ఆమె మైకులో ఒకటి, రెండు, మూడు అంది. మళ్ళీ విన్నప్పుడు అంకెల మధ్య ఏమీ వినిపించలేదు. బుస లేదు, తెగడం లేదు. పావుగంట ఆగకుండా రికార్డు చేసి చూసింది. గీత ఒక్కసారి కూడా పడుకోలేదు.

"కొత్తవి అలిగి కూర్చుంటాయమ్మా. ఇది పెట్టింది తింటుంది," అన్నాడు కొట్టాయన.

ఆమె పదకొండున్నరకు ఇల్లు చేరింది. చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి తండ్రి గొంతు వినిపించింది. బొంగురుగా ఉంది. మధ్యలో దగ్గు, మళ్ళీ మాట. తల్లి నవ్వుతోంది. తల్లి నవ్వు విని పదకొండు రోజులైంది.

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఎంతసేపటి నుంచి?"

ఇద్దరూ మాట ఆపారు. తల్లి స్టవ్ తగ్గించి, నువ్వు వెళ్ళినప్పటి నుంచీ అంది.

ఆమె సంచిలోంచి ఇనుప డబ్బా తీసి గట్టు మీద పెట్టింది. కార్డు దొరికిందని, ఈ అరగంట ఈ పూట మైకుకు కావలసిందని, ఇప్పుడు రేపు ఎంత చదివినా నూట యాభై కాదని చెప్పింది. ఏడు వాక్యాల మిగులుతో తను నిన్నటి నుంచి ఊపిరి బిగబట్టుకుని ఉన్నానంది. అలా చెబుతూ చెబుతూ గొంతు పెంచింది.

"ఎవరి కోసం తిరుగుతున్నానమ్మా నేను? నువ్వొక్క పూట ఆగలేకపోయావా?"

"నేనే అడిగాను మాట్లాడమని," అంది తల్లి. "ఆయన పలక తీస్తే లాక్కున్నాను."

"ఎందుకు?"

తల్లి చేతులు తుడుచుకుంది. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. ఇప్పుడూ గొంతు పెంచలేదు.

"పదకొండు రోజులుగా ఈయన నీ కంప్యూటర్‌తో గడియారం సంగతి చెప్తున్నారు. నాతో ఒక్క మాట లేదు. ఏదడిగినా ఆయన సుద్దముక్క వెతుక్కోవాలి, నేను కళ్ళజోడు వెతుక్కోవాలి. సోమవారం తరవాత ఎలాగూ అదే బతుకు కదే. దాన్ని నువ్వు పదకొండు రోజులు ముందే తెచ్చి నా ఇంట్లో పెట్టావు."

కుక్కర్ కూతవేసింది. ఎవరూ కదల్లేదు. రెండో కూతకు తల్లే వెళ్ళి కట్టేసింది.

కూతురు స్టూలు లాక్కుని కూర్చుని మొహం అరచేతుల్లో పెట్టుకుంది. నూట పదమూడు అన్న అంకె తప్ప ఈ పదకొండు రోజుల్లో తండ్రి ఏం తిన్నాడో కూడా ఆమెకు గుర్తులేదు. ఆయన చదువుతుంటే ఆమె తెర మీది గీతను చూసింది. ఆయన మొహం చూడలేదు.

కాసేపటికి భుజం మీద పలక అంచు తగిలింది. "కార్డు పనిచేస్తోందా?" అని రాసి ఉంది.

ఆమె తల ఊపింది. ఆయన అరచేత్తో తుడిచి రాశాడు. "రేపు చదువుతా. గడియారం వద్దు. ఏం చదవాలో మీ అమ్మ రాస్తుంది."

ప్రోగ్రాంలో దానికి వేరే దారి ఉంది. సొంత వాక్యాలు ఎన్ని చదివితే అన్నీ ఉన్నదున్నట్టు దాచుకోవచ్చు. మీట నొక్కితే వినిపిస్తాయి. వాటితో కొత్త మాట ఏదీ పుట్టదు. అందుకే మొదటిరోజు ఆమె దాన్ని పనికిరాదని కొట్టేసింది.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ముగ్గురూ ముందుగదిలో కూర్చున్నారు. డ్రైవింగ్ స్కూలు దరఖాస్తు కాగితాల వెనక తల్లి నలభై వాక్యాలు రాసింది. మైకుకు అవతల ఆయన, ఇవతల ఆమె, కంప్యూటర్ దగ్గర కూతురు.

"గ్యాస్ కట్టేశావా?" అని చదివాడు తండ్రి.

"కట్టేశాను," అంది తల్లి.

ప్రోగ్రాం ఎర్రగీత చూపించింది. రెండో గొంతు వినిపించింది, మళ్ళీ చదవండి అని అడిగింది.

"అమ్మా, నువ్వు జవాబు చెప్పకూడదు."

"అడిగితే చెప్పొద్దా?"

తండ్రి నవ్వబోయి దగ్గాడు. నీళ్ళు తాగి మళ్ళీ చదివాడు. "నిద్రపోలేదు, కళ్ళు మూసుకున్నానంతే." "ఈ సంగతి నిన్నే చెప్పావు." "అద్దం చూసుకోకుండా బండి తియ్యకు." చివరిది ఎందుకని కూతురు అడిగితే, అదేగా ఆయన నాతో అన్న మొదటి మాట అంది తల్లి. ఆమె కూడా ఆ పక్కసీటు దగ్గర బండి నేర్చుకోవడానికి వచ్చిన మనిషే. లైసెన్సు మాత్రం రాలేదు.

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తరవాత ముప్ఫయ్యో వాక్యందాకా ఎర్రగీత రాలేదు.

ముప్ఫై ఒకటో వాక్యం దగ్గర తండ్రి కాగితం మీంచి కళ్ళెత్తాడు.

"అమ్మాయీ, వచ్చావా? అన్నం తిన్నావా?"

"వచ్చాను నాన్నా," అంది కూతురు.

తెర ఎర్రబడింది. రెండో గొంతు వినిపించింది, మళ్ళీ చదవండి. ఆమె తుడిచేద్దామని మీట మీద వేలు పెట్టి, కళ్ళు కనబడక ఆగిపోయింది. తల్లి లేచి వచ్చి ఆమె తల తన పొట్టకు ఆనించుకుంది. తండ్రి కాగితం పట్టుకుని కూర్చున్నాడు. రెండు నిమిషాల తరవాత అదే వాక్యం మళ్ళీ చదివాడు. ఈసారి కూతురు పెదవులు బిగించింది. గీత పచ్చగా వచ్చింది.

నలభై పూర్తయ్యేసరికి పందొమ్మిది నిమిషాలు గడిచాయి. అరగంటలో ఇంకా పదకొండు నిమిషాలు మిగిలాయి. ఇంకేమైనా చదవనా అన్నట్టు ఆయన కూతురి వైపు చూశాడు.

ఆమె కార్డు తీగ పీకేసింది. మైకును పక్కకు తిప్పి, ల్యాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుంది. గదిలోంచి బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. లోపల తండ్రి మాట మొదలైంది. ఆమె వీధి గుమ్మందాకా వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. అక్కడికి మాటలు వినిపించవు.

సోమవారం ఉదయం ఎనిమిది ఇరవైకి ఆయన్ను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్ళారు. సొంత వాక్యాల ఫోల్డరులో నలభై ఫైళ్ళున్నాయి.